ఒకటిన్నర పేజీ యుద్ధం

పాఠ్యపుస్తకంలో ఒకటిన్నర పేజీ ఉన్న యుద్ధాన్ని నేను ఇరవై ఒక్క రోజులు నడిపాను. ఓరుగల్లు గద్దె కోసం జరిగిన యుద్ధం. నేను చెప్పడం ఆపితేనే అది ఆగాలి, నేను ఆపలేదు. పూణెకు కూలీలను తీసుకుపోయే జీపు వచ్చి బడి ముందు నిలబడింది, హారన్ కొట్టింది, కొట్టి కొట్టి విసిగి, నాలుగో తరగతి పిల్ల ఒకతెను ఊళ్ళోనే వదిలేసి వెళ్ళిపోయింది. ఆ పిల్ల యుద్ధం వింటూ కూర్చుంది.

ఈ మాట జడ్చర్ల బస్టాండులో చాయ్ తాగుతూ చెప్పాను. పదవీ విరమణ సభలో మెడలో దండ ఉండగానే చెప్పాను. పెన్షన్ కాగితాల వరుసలో ముందున్నవాడికీ వెనకున్నవాడికీ చెప్పాను. మొదటిసారి చెప్పినప్పుడు అది తొమ్మిది రోజులే. పన్నెండు చేశాను, ఎవరూ ఏమీ అనలేదు. పద్దెనిమిది చేశాను, తలలూపారు. ఇరవై ఒకటి దగ్గర ఆగిందంటే నా నిజాయితీ వల్ల కాదు. "మధ్యల ఐతారాలు లేవా సార్?" అని ఒకాయన అడిగాడు, ఆదివారాలు లెక్కకొచ్చి ఆగింది.

ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి మొదటి నుంచి చెప్పుకోవాలి.

నేను పనిచేసిన ఊరు పాలమూరుకు పడమటి వైపు, బస్సు దిగి రెండు మైళ్ళు నడిస్తే వస్తుంది. బళ్ళో మేమిద్దరం ఉపాధ్యాయులం. రెండో ఆయనను ఏదో పని మీద మండల ఆఫీసుకు పిలిపించుకున్నారు, మళ్ళీ పంపలేదు. మూడు, నాలుగు, అయిదు తరగతులు ఒకే గదిలో నా ముందు కూర్చునేవి. రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు అది. వానలు మొహం చాటేశాయి. జొన్న మోకాలెత్తు కూడా రాకుండానే ఎండింది. దసరా సెలవులు ముగిసి బడి తెరిస్తే సగం మంది పిల్లలు లేరు. లేనివాళ్ళ పేర్ల పక్కన ఎర్ర సిరాతో 'వలస' అని రాశాను. మూడే అక్షరాలు, ఒక్క గుణింతం లేదు. ఒకటో తరగతి పిల్లవాడు కూడా రాయగలడు. నేను ఇరవై ఏళ్ళుగా రాస్తున్నాను.

అంతకు ముందు ఏడు అలా రాసిన పేర్లలో ఒకటి, మూడో తరగతి పిల్లది. ఉగాదికి తల్లిదండ్రులు తిరిగి వచ్చారు, పిల్ల రాలేదు. ఏమైందో అడుగుదామని వాళ్ళ ఇంటి ముందు నుంచి రెండుసార్లు నడిచాను. అడగలేదు. అడిగితే చెబుతారేమోనని భయం. ఈ సంగతి మాత్రం నేను బస్టాండులో ఎవరికీ చెప్పలేదు.

ఇక నేను చెబుతున్న పిల్ల. దానికి తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. ఎడమ చంకలో ఎప్పుడూ ఏడాదిన్నర తమ్ముడు. కూర్చుంటే వాడు ఏడుస్తాడు, ఊగుతూ నిలబడితే ఊరుకుంటాడు. అందుకని అది గడపలో నిలబడి, తలుపు చెక్కకు నోటుపుస్తకం ఆనించి రాసేది. రాసిన వరుసలన్నీ మెట్లెక్కినట్టు పైకి పోయేవి. లెక్కల్లో మాత్రం నా కన్నా చురుకు.

సోమవారం ఆ పాఠం మొదలుపెట్టాను. ఓరుగల్లు రాజు తన తర్వాత గద్దె బిడ్డకు ఇచ్చాడు, ఆడది గద్దెనెక్కడమేమిటని దాయాదులు తిరగబడ్డారు, ఆమె కత్తి పట్టింది. దాయాదులంటే ఎవరో ఆ పిల్లలకు వివరించే పని పడలేదు.

"మా పెద్దనాయిన గూడ గిట్లనే సార్. గెట్టు రాళ్ళు జరిపిండు."

"మా బాపును గల్ల వట్టి కొట్టిండు సార్."

"రాణి ఠాణాకు పోయి కేసు పెట్టొచ్చు గద సార్?"

"ఆమెదే ఠాణా రా! ఎవరి మీద ఎవరికి పెడ్తది?"

గచ్చు మీద సుద్దముక్కతో కోట గీశాను. రాతిగోడ ఒక గీత, మట్టిగోడ ఒక గీత, మధ్యలో అగడ్త. పిల్లలు ఇళ్ళ నుంచి గుప్పెడేసి చింతగింజలు తెచ్చారు. అవి సైనికులు. నల్లగా నున్నగా ఉన్నవి రాణి వైపు, పొట్టు లేచినవి దాయాదుల వైపు. రాణి మాత్రం గచ్చకాయ. రోజూ చచ్చిన సైనికులను అయిదో తరగతి వాళ్ళు మధ్యాహ్నం వంటామె పొయ్యిలో వేయించుకుని తినేవారు. ఆ యుద్ధంలో వృథా అయిన ప్రాణం ఒక్కటీ లేదు.

రాణికి పాలు తాగే బిడ్డ ఉందని, ఆ బిడ్డను దింపి గుర్రమెక్కిందని చెప్పాను. పుస్తకంలో అది లేదు. ఎదురుగా చంకలో పిల్లవాడితో ఆ పిల్ల నిలబడి ఉంటే నా నోటికి వచ్చింది. వెంటనే గడపలో నుంచి చెయ్యి లేచింది.

"సార్, మరి గప్పుడు..."

"రేపు! అన్నీ ఇయ్యాళ్ళనే చెప్తే రేపు ఏం చెప్పాలె?"

మంగళవారం మధ్యాహ్నం దాని తల్లి వచ్చింది. తలకు కొంగు చుట్టుకుని, లోపలికి రాకుండా మెట్టు మీద నిలబడింది.

"సారు, ఈ బేస్తారం గాక పై బేస్తారం జీపొస్తది. మేం పూణెకు పోతున్నం. పిల్ల పేరు జర కొట్టెయ్యున్రి."

"పిల్లను వదిలి పోరాదా అమ్మా? అవ్వ ఉంది కదా."

"అవ్వకు కండ్లు గానవు సారు. పొయ్యి ఏడుందో చెయ్యి వెట్టి సూస్తది. ఆమెనే ఒకలు సూడాలె. మా చిన్నాయిన కోడలు ఇంత బువ్వేస్తనన్నది గాని, పోరన్ని సూడమంటే సూస్తదా?"

"పిల్లవాడిని నువ్వు తీసుకుపో. ఈమెను ఉంచు."

"పాలు మానలే ఆడు. నేను కంకర మోస్తాంటే ఎవరి తాన ఉండాలె? మూడో అంతస్తుల ఇసుక కుప్ప మీద పండవెట్టాల్నా? నువ్వే చెప్పు సారు, నీ మనుమన్ని గట్ల పండవెడ్తవా?"

ఆమె కోపంగా కూడా అనలేదు. నీళ్ళు లేవని చెప్పినట్టు చెప్పింది. అంతలో గడపలో నుంచి పిల్ల అంది: "యుద్ధం ఒడిసేదాంక నేను రానమ్మా."

తల్లి నవ్వింది. "అబ్బో! ఎన్నొద్దులు సాగుతది సారు, మీ యుద్ధం?"

"చాలా పెద్ద యుద్ధమమ్మా" అన్నాను.

నాకు బుద్ధి పుట్టింది అక్కడే. పోయిందీ అక్కడేనేమో. యుద్ధం ముగియకపోతే పిల్ల కదలదు, పిల్ల మొండికేస్తే తల్లి మనసు మారుతుంది అనుకున్నాను. యాభై ఆరేళ్ళ మనిషిని, అలా అనుకున్నాను. వేరే దారి ఏదీ కనబడలేదు. మండల ఆఫీసుకు పోయి అడిగాను. వలసపోయే వాళ్ళ పిల్లలను హాస్టల్లో ఉంచవచ్చన్నారు. కానీ ఆ పిల్లకు ఉండడానికి చోటు లేకపోవడం కాదు కష్టం, దాని చంక ఖాళీగా లేకపోవడం. దానికి ఏ ఫారమూ లేదు. బుధవారం పొద్దున బడి కన్నా ముందే అవ్వను పాలమూరు పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. అవ్వకు చూపు వస్తే పిల్లవాడు అవ్వ దగ్గర ఉంటాడని, పాలు మాన్పించవచ్చని ఆశ. ఆపరేషనుకు దీపావళి దాటాక రమ్మన్నారు, అప్పటికి జీపు పోతుంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అవ్వ నా చెయ్యి పట్టుకుని అంది: "సారూ, నీకు నా కండ్ల మీద ప్రేమ లేదు. నా మనుమరాలి మీద ఉంది. గట్లనే చెప్పరాదు? నాకేం రోషం రాదు."

ఇక మిగిలింది యుద్ధమే.

బుధవారం దాయాదులను పంచాయితీకి కూర్చోబెట్టాను. పెద్దమనుషులు వచ్చారు, వాయిదా వేశారు. గురువారం వాగు పొంగించాను. వానలే లేని ఏడు ఆ వాగును ఎక్కడి నుంచి తెచ్చానో నాకే తెలియదు, పిల్లలు మాత్రం చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు. శుక్రవారం ఇంకేమీ తోచక యుద్ధానికి సెలవు ఇచ్చాను. ఊళ్ళో అప్పుడే పీర్ల పండుగ అయింది, పిల్లల ఒంటి మీద ఇంకా పీర్లకు కట్టిన దట్టీ గుడ్డల దారాలున్నాయి. రెండు వైపుల సైనికులూ కత్తులు కింద పెట్టి పీర్ల పండుగ చేసుకున్నారని చెప్పాను. రాణి స్వయంగా వచ్చి, రొట్టె బెల్లం కలిపిన మలీద ముద్ద తినిపోయింది. రోజూ సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక, చచ్చిన వాళ్ళ స్థానంలో కొత్త చింతగింజలు పేర్చేవాణ్ణి. ఆ మోసాన్ని పట్టుకున్నది ఆ పిల్ల ఒక్కతే.

"నిన్న సచ్చినోళ్ళు మల్ల లేసిన్రు సార్. దాయాదులు పందొమ్మిది మందే ఉండాలె. ఇరవై ఆరున్నరు."

"వాళ్ళ చుట్టాలు వచ్చిన్రు బిడ్డా."

"ఏ ఊరి చుట్టాలు సార్? సరే గాని, మరి గా రాణి..."

"రేపు!"

ఎవరు గెలిచారని అడుగుతుందని నాకు తెలుసు. చెబితే అయిపోతుంది. అది అలా చెయ్యెత్తినప్పుడల్లా నాకు లోపల ఎంత ధైర్యం వచ్చేదో! ఇంకో రోజు గెలిచాం అనుకునేవాణ్ణి.

శనివారం పై అధికారి తనిఖీకి వచ్చాడు. మూడో తరగతి పిల్లవాణ్ణి లేపి యుద్ధం ఎందుకు ఆగిందో చెప్పమన్నాడు.

"పీర్ల పండుగొచ్చింది సార్."

"రాణి కాలంలో పీర్ల పండుగ ఎక్కడిది?"

"మా ఊర్లె ఉన్నది సార్."

"సరే. ఎవరు గెలిచారు?"

"ఇంక గెలువలే సార్. పత్తి ఏరొచ్చినంక మల్ల కొట్లాడుకుంటరు."

పత్తి సంగతి నేను చెప్పలేదు. అది వాడి సొంతం. సోమవారానికి నేనది వాడుకున్నాను కూడా.

అధికారి నన్ను బయటికి పిలిచాడు. "ఒకటిన్నర పేజీకి ఆరు రోజులా సార్? ఏం చేస్తున్నారు?" అన్నాడు. నిజం చెప్పవచ్చు. మంచివాడిలాగే ఉన్నాడు, వింటే విని ఉండేవాడు. నేను గొంతు తగ్గించి, "పిల్లలు మొద్దు పిల్లలు సార్, ఒక పట్టాన ఎక్కదు" అన్నాను. తిరిగి చూస్తే గడపలో ఆ పిల్ల. తమ్ముణ్ణి ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంటోంది. వినిందో లేదో ఇప్పటికీ తెలియదు. దాయాదులు పందొమ్మిది మందో ఇరవై ఆరుగురో చూడగానే చెప్పే పిల్ల అది.

మంగళవారం ఆ పిల్ల చంకలోని తమ్ముడు కిందికి జారి, పాకుతూ యుద్ధంలోకి వచ్చాడు. మట్టిగోడ తుడిచేశాడు, ఒక చేత్తో దాయాదులను, ఇంకో చేత్తో రాణి సైన్యాన్ని ఊడ్చేశాడు. అందరం నవ్వుతున్నాం. ఉన్నట్టుండి వాడి నవ్వు ఆగింది, కళ్ళు పెద్దవయ్యాయి, మొహం కమిలింది. నేను కుర్చీలో నుంచి లేవడానికి ఎంతసేపు పట్టిందో చెబితే సిగ్గు. అంతలోనే ఆ పిల్ల వాణ్ణి తలకిందులుగా తొడ మీద వేసుకుని, వీపు మీద రెండు చరిచి, నోట్లో వేలు పెట్టి తిప్పింది. గచ్చకాయ టక్కుమని గచ్చు మీద పడింది. వాడు గుక్క పట్టి ఏడ్చాడు. అది గచ్చకాయను లంగాకు తుడిచి, ఎక్కడ ఉండాలో అక్కడ పెట్టి, మళ్ళీ గడపలోకి పోయి నిలబడింది. ఊగుతూ.

తల్లి చెప్పిన మూడో అంతస్తు, ఇసుక కుప్ప అన్నీ అప్పుడు కనబడ్డాయి. ఆ పిల్ల లేకుండా ఆ పిల్లవాడు బతకడు. అది తల్లికి తెలుసు. నేను మాత్రం చింతగింజలు పేరుస్తున్నాను.

బుధవారం తొమ్మిదో రోజు. నా దగ్గర ఒక్క అబద్ధం కూడా మిగల్లేదు. రాణి గుర్రం కాలు బెణికిందన్నాను. పిల్లలు ఆవులించారు. వంటామె తలుపు దగ్గర నుంచి, "సారు, మీ రాణి గెలువనన్న గెలువాలె, సావనన్న సావాలె. అన్నం సల్లగైతాంది" అంది. ఆ పిల్ల చెయ్యెత్తింది. నేను దాని వైపు చూడకుండా, "రేపు చెప్తా. రేపు మొత్తం అయిపోతది" అన్నాను.

రేపు గురువారం. జీపు వచ్చే రోజు.

ఇప్పుడు అసలు మాట. జీపు హారన్ కొట్టి కొట్టి పోవడం నేను చూడలేదు. ఆ రోజు నేను బడికే పోలేదు. జడ్చర్లలో కిరాయి ఇంట్లో చద్దరు కప్పుకుని పడుకున్నాను. మా ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టి, "కాలుతలేదు గద!" అంది. "లోపల కాలుతుంది" అన్నాను. నిజం ఏమిటంటే, రాణి గెలిచిందని చెప్పాక ఆ పిల్ల "సరే సార్" అని తమ్ముణ్ణి ఎత్తుకుని జీపెక్కుతుంది. ఆ "సరే సార్" వినే ధైర్యం నాకు లేదు. గెలిచిందని చెప్పి ఓడిపోయిన దాన్ని సాగనంపలేను.

శుక్రవారం పోతే వంటామె గిన్నెలు తోముతూ, తల ఎత్తకుండా చెప్పింది.

"పొద్దుగాల్నే వచ్చింది సారు. పోరన్ని ఎత్తుకొని గడపల నిలవడ్డది. పోరగాండ్లంతా ఇంటికి పోయినంక గూడ నిలవడ్డది. జీపు హారను కొడితే పోయింది."

"ఏమన్నా అన్నదా?"

"సారు రాడా అన్నది. ఏమంటది?"

గదిలో కోట అలాగే ఉంది. రాణి లేదు. ఆ పిల్ల తీసుకుపోయిందనుకున్నాను, అలా అనుకోవడం నాకు ఎంతో ఊరటగా ఉండింది. ఒక యుద్ధాన్ని కొంగున కట్టుకుని పోయింది అనుకున్నాను. ఆ తర్వాత రిజిస్టరు తీసి ఎర్ర సిరాతో మూడు అక్షరాలు రాశాను.

ఉగాదికి వచ్చింది. మళ్ళీ దసరాకు పోయింది. ఆ మరుసటి ఏడు నాకు బదిలీ అయింది.

బదిలీ అయిన చోటనే నేను మొదటిసారి పిల్ల ఉండిపోయిందని చెప్పాను. ఎవరో అడిగారు, "పోయిందా సార్ మరి?" అని. "పోలేదు" అని వచ్చేసింది నోటి నుంచి. అంత తేలిక అది. ఆ తరువాత ఎన్నిసార్లు చెప్పానో. చెప్పిన ప్రతిసారీ ఆ పిల్ల ఊళ్ళోనే ఉండిపోయేది, జీపు ఖాళీగా పోయేది, రాత్రికి నాకు నిద్ర పట్టేది.

పోయిన ఏడు పంద్రాగస్టుకు ఆ బడి నుంచి పిలుపు వచ్చింది. పాత సారు వచ్చి పిల్లలకు నాలుగు మాటలు చెప్పాలట. ముప్పై మంది దాకా పిల్లలు, వెనక పెద్దవాళ్ళు. మైకు చేతికి వస్తే నేను ఆగుతానా? ఇరవై ఒక్క రోజులూ చెప్పాను. పంచాయితీ, వాగు, పీర్ల పండుగ అన్నీ చెప్పాను. ముందు వరుసలో అయిదో తరగతి పిల్లవాడొకడు నోరు తెరుచుకుని వింటున్నాడు. వాడి కోసం ఇంకాస్త పెంచాను.

"ఆ పిల్ల రోజూ గా గడపల నిలబడి చెయ్యెత్తేది. 'ఎవరు గెలిచిన్రు సార్, ఎవరు గెలిచిన్రు సార్' అని అడిగేది. నేను చెప్పలే. చెప్తే పోతదని చెప్పలే! జీపు పోయింది, పిల్ల పోలే!"

చప్పట్లు కొట్టారు. గడపలో నుంచి ఒక గొంతు వచ్చింది.

"జర ఆగున్రి సార్."

చుడీదార్ మీద కంపెనీ కార్డు మెడలో వేలాడుతోంది. జడ్చర్ల దగ్గర మందుల కంపెనీలో ప్యాకింగుకు పోతుందని తర్వాత చెప్పారు. తల్లిదండ్రులు పనికి పోయి ఉంటే, తమ్ముడి కోసం అది వచ్చింది. ముందు వరుసలో నోరు తెరుచుకున్నవాడే ఆ తమ్ముడు. నేను గుర్తుపట్టింది మొహాన్ని కాదు. అది ఎడమ పక్కకు ఒరిగి నిలబడింది, చంకలో ఎవరూ లేకపోయినా.

"ఇరవై ఒకటి గాదు సార్, తొమ్మిది. పదో దినం మీరు రాలే. నేను జీపెక్కి పోయిన."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మైకు ఇంకా నా చేతిలోనే ఉంది.

"అవును బిడ్డా" అన్నాను. "రాలే. తప్పు నాదే." ఏదో ఒకటి నిలబెట్టుకోవాలని చూశాను. "కానీ రాణిని తీస్కపోయినవు గదా. గచ్చకాయను."

"నేనెందుకు తీస్కపోత సార్? ఎలుక ఎత్కపోయుంటది."

ఇక అయిపోయిందనుకుని మైకు దించాను. దానికి అవలేదు.

"ఇంకోటి సార్. ఎవరు గెలిచిన్రని నేను ఒక్కనాడు అడుగలే. రాణి గుర్రమెక్కినప్పుడు ఆమె బిడ్డను ఎవరు ఎత్తుకున్నరని అడగవోయిన. తొమ్మిది దినాలు రేపు, రేపు అన్నరు."